పాత పెట్రోల్ కారు కొంటున్నారా? చల్లని ఇంజన్ దగ్గర మొదలుపెట్టండి

"బండి చూడ్డానికి బాగుంది, ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది, తీసుకోవచ్చా?" అని ఫొటోలు పంపి అడిగేవాళ్లు చాలామంది. ఫొటోలు చూసి నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. ఫొటోలో పెయింటు కనబడుతుంది, ఇంజన్ ఆయిల్ తాగుతోందో లేదో కనబడదు. అందుకే బండిని మీరే ఎలా పరీక్షించుకోవాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. మెకానిక్ పని రాకపోయినా ఇందులో చాలా భాగం మీరు చేయగలరు. రెండు, మూడు గంటలు కేటాయించుకోండి.

ముందుగా ఒక మాట. ఏ లోపమూ లేని పాత కారు దొరకదు, దానికోసం వెతకొద్దు. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు అరిగిపోయే సరుకు. అవి పాడైతే బేరంలో తగ్గించుకోవచ్చు. ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ ఫ్రేము, నీళ్లలో మునిగిన చరిత్ర వేరే లెక్క. వీటిలో ఏ ఒక్కటి పెద్దగా దెబ్బతిని ఉన్నా ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. మీరు వెతకాల్సింది ఈ నాలుగింటినే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మంచి టార్చ్. ఫోన్ లైటు ఇంజన్ లోతులకు సరిపోదు.
- తెల్లని టిష్యూ కాగితాలు, ఒక పాత గుడ్డ.
- పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం.
- ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే పరికరం. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిసే చిన్న రకం చాలు. కొనలేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.
- తోడుగా ఒక మనిషి. మీరు ఇంజన్ దగ్గర ఉన్నప్పుడు సైలెన్సర్ వైపు చూడ్డానికి ఇంకొకరు కావాలి.
- నేల మీద పడుకున్నా బాధలేని బట్టలు.

ఉదయం పూట, ఎండ వెలుతురులో వెళ్లండి. సాయంత్రం వద్దు, వాన పడుతున్నప్పుడు అసలే వద్దు. తడిసిన బండి మీద పెయింటు తేడాలు ఒక్కటీ కనబడవు.

1. ఫోన్‌లోనే ఒక షరతు పెట్టండి

"నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఇంజన్ వేడెక్కాక దాని రోగాలు చాలా వరకు దాక్కుంటాయి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ మొదటి అరనిమిషంలో చేసే చప్పుడు, వదిలే పొగ మళ్లీ మర్నాటిదాకా దొరకవు.

నేను కొన్న రెండో కారు విషయంలో ఇక్కడే దెబ్బతిన్నాను. వెళ్లేసరికి ఇంజన్ ఆన్‌లోనే ఉంది. "మీరొస్తున్నారని ఏసీ వేసి పెట్టాను" అన్నాడు అమ్మేవాడు. మర్యాద అనుకున్నాను. నడిపితే మెత్తగా పోయింది, తీసుకున్నాను. మర్నాడు తెల్లవారి స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు గలగలమని చప్పుడు. నాలుగైదు సెకన్లలో ఆగిపోయింది. టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులను సమయానికి తెరిపించే గొలుసు) సాగిపోయింది. దాన్ని మార్చడానికి ఇంజన్ ముందు భాగమంతా విప్పాల్సి వచ్చింది. వేడి ఇంజన్‌లో ఆ చప్పుడు ఒక్కసారి కూడా వినబడలేదు.

అదే ఫోన్‌లో ఇంకొన్ని అడగండి: ఎంతమంది చేతులు మారింది, ఎందుకు అమ్ముతున్నారు, చివరి సర్వీసు ఎప్పుడు, ఏదైనా ప్రమాదం జరిగిందా, గ్యాస్ కిట్ ఎప్పుడైనా పెట్టించారా, నా మెకానిక్‌కు చూపించుకోవచ్చా. చివరి ప్రశ్నకు "అవసరం లేదండీ, బండి పర్ఫెక్ట్" అని జవాబొస్తే అక్కడికి వెళ్లకండి.

2. కాగితాలు, ఛాసిస్ నంబరు

1981 తర్వాత వచ్చిన కార్లలో చాలావాటికి 17 అక్షరాలు, అంకెలు కలిసిన ఛాసిస్ నంబరు ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అందులో వాడరు, అంకెలతో పొరబడకుండా. నంబరు కారు మీద ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంటుంది: చాలావాటిలో ముందు అద్దం కింది మూలన, డోరు పక్కన స్తంభం మీద, ఛాసిస్ మీదే కొట్టి. అన్నీ ఒకటేనా, రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్నది అదేనా, అక్షరం అక్షరం చూడండి. కొట్టిన చోట చుట్టూ గీకినట్టున్నా, వెల్డింగ్ మచ్చ ఉన్నా, కొత్త పెయింటు ఉన్నా అక్కడితో ఆపేయండి. ఇంజన్ నంబరు కూడా సరిచూసుకోండి. లోన్ తీరిందో లేదో రాతపూర్వకంగా చూడాలి, నోటిమాట చాలదు.

సర్వీసు బిల్లులు ఉంటే తేదీ, కిలోమీటర్లు వరసగా ఒక కాగితం మీద రాసుకోండి. అంకె ఎక్కడైనా వెనక్కి వెళ్లిందా? మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉందా? ఆ ఖాళీ గురించి అడగండి.

3. బాడీ చుట్టూ ఒక చుట్టు

బండికి ఒక మూలన వంగి, పక్క భాగమంతా ఏటవాలుగా చూడండి. కంపెనీ పెయింటు మీద ప్రతిబింబం తిన్నగా పోతుంది, టింకరింగ్ చేసిన చోట అలలా వంకర పోతుంది. డోర్లకు, బానెట్‌కు, డిక్కీకి మధ్య సందులు రెండు వైపులా ఒకేలా ఉండాలి. అనుమానమున్న చోట అయస్కాంతం పెట్టండి. లోపల పుట్టీ మందంగా ఉంటే పట్టు తగ్గుతుంది. ప్లాస్టిక్ బంపర్ల మీద, అల్యూమినియం భాగాల మీద అయస్కాంతం ఎలాగూ నిలవదు, దాన్ని చూసి కంగారు పడకండి. పెయింటు మందం కొలిచే పరికరం దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ పెయింట్ వేశారు, 400–500 దాటితే కింద పుట్టీ ఉందని అర్థం.

ఒక బంపరుకో డోరుకో పెయింట్ వేయించి ఉంటే అది తప్పేమీ కాదు. గీతలు పడని కారు ఉండదు. చూడాల్సింది లోపలి ఎముక. బానెట్ ఎత్తి హెడ్‌లైట్ల వెనక ఉండే అడ్డ పట్టీ, ఇంజన్‌కు రెండు పక్కలా ముందుకు పోయే పొడవాటి ఫ్రేము పట్టీలు చూడండి. వాటిలో ముడతలు, కొత్త వెల్డింగ్, ఒక పక్కే కొత్త పెయింటు కనిపిస్తే అది పెద్ద ప్రమాదం. డిక్కీలో స్టెప్నీ తీసి కింద రేకు కూడా అలాగే చూడండి. బానెట్ కీలు బోల్టుల మీద స్పానర్ పెట్టిన గుర్తులుంటే ఒకసారి విప్పారని తెలుస్తుంది.

4. బానెట్ కింద, ఇంజన్ ఇంకా ఆఫ్‌లోనే

ముందు చేతి వెనక భాగం ఇంజన్ మీది కవర్ దగ్గర పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే గొడవ పడొద్దు, "రేపు పొద్దున వస్తాను" అని చెప్పి వెళ్లిపోండి. రెండోసారీ వెచ్చగానే ఉంటే ఆ బండి మనది కాదు.

ఆయిల్. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లాగి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. మట్టం రెండు గుర్తుల మధ్య ఉండాలి. టిష్యూ మీద ఒక చుక్క వేసి వేళ్లతో రుద్దండి. ముదురు గోధుమ రంగు మామూలే, నల్లగా ఉన్నంత మాత్రాన ఇంజన్ చెడిపోయినట్టు కాదు. గరుకుగా తగిలినా, ఎండలో లోహపు పొడి మెరిసినా, పెట్రోల్ వాసన గుప్పుమన్నా అనుమానించాలి. మట్టం కింది గుర్తు కంటే తక్కువుంటే సాధారణంగా రెండు కారణాలు: ఇంజన్ ఆయిల్ తాగుతోంది, లేదా కారుతోంది. ఏదైనా ఓనరు పట్టించుకోవట్లేదని మాత్రం తేలిపోయింది.

తర్వాత ఆయిల్ పోసే మూత తిప్పి తీసి లోపలి వైపు చూడండి. పలచని ఆయిల్ పొర ఉంటే బాగున్నట్టే. లేత గోధుమ రంగు నురగ, వెన్నలా వేలికి అంటుకునేది ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. చలికాలంలో రోజూ రెండు, మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో మూత కింద కొద్దిగా నురగ పట్టడం ఆవిరి వల్ల కూడా జరుగుతుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే నురగ ఉండి, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం కూడా తగ్గి ఉంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయినట్టు. అప్పుడు వదిలేయండి. మూత కింద, లోపల కనబడే భాగాల మీద నల్లటి గట్టి జిగురు పేరుకుని ఉంటే ఆయిల్ సమయానికి మార్చలేదని అర్థం. టర్బో ఉన్న ఇంజన్‌లో ఈ నిర్లక్ష్యం ఇంకా ప్రమాదం, ఎందుకంటే టర్బో బేరింగులు బతికేది ఆ ఆయిల్ మీదే.

కూలెంట్. హెచ్చరిక: ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూతగానీ కూలెంట్ డబ్బా మూతగానీ తీయకండి. లోపల ఒత్తిడి ఉంటుంది, మరుగుతున్న నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పచ్చ, గులాబి, నీలం, నారింజ ఏ రంగైనా పర్వాలేదు, కంపెనీని బట్టి మారుతుంది. తుప్పు రంగు నీళ్లు, పైన తేలే నూనె తెట్టు, ఉత్త నీళ్లు పోసి నడపడం మాత్రం మంచివి కావు.

టార్చ్ వేసి ఇంజన్ పక్కల, కింద ఆయిల్ తడి చూడండి. ఇంజన్ గది తళతళలాడుతుంటే సంతోషించకండి. నిన్న కడిగితే లీకు గుర్తులు పోతాయి. అంతటా సమానంగా దుమ్ము పట్టిన ఇంజన్ గది నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ అయితే చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. చాలా ఇంజన్లలో ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుకుంటాయి, ఇంజన్ అక్కడికక్కడే పోతుంది. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని, ఆ ఖర్చు బేరంలో కలపండి.

5. మొదటి స్టార్ట్

తోడు వచ్చిన మనిషిని సైలెన్సర్ వైపు ఫోన్ వీడియో ఆన్ చేసి నిలబెట్టండి. ముందు స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ మాత్రం చేయండి. మీటర్‌లో చెక్ ఇంజన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి. ఇంజన్ స్టార్టయ్యాక కొద్ది సెకన్లలో అన్నీ ఆరాలి. ఆరకపోతే లోపం ఉందని అందరికీ తెలుసు. అసలు వెలగకపోవడం ఇంకా అనుమానించాల్సిన విషయం, ఎవరో ఆ లైటును తీసేసి ఉండొచ్చు. ఎయిర్‌బ్యాగ్ లైటు విడిగా వెలిగి విడిగా ఆరుతోందో, లేక వేరే లైటుతో అచ్చంగా కలిసి వెలిగి కలిసి ఆరుతోందో గమనించండి. ఎయిర్‌బ్యాగ్ లోపాన్ని దాచడానికి ఆ లైటు తీగను వేరే లైటు తీగకు కలిపేసిన బండ్లు ఉన్నాయి.

ఇప్పుడు ఓనర్‌ను స్టార్ట్ చేయమని మీరు బానెట్ దగ్గర చెవి పెట్టి నిలబడండి. యాక్సిలరేటర్ తొక్కకుండా స్టార్ట్ చేయమనండి. సెల్ఫ్ ఒకటి, రెండు సెకన్లు తిరగగానే అందుకోవాలి.

- గలగలమని ఒక్క క్షణం వినిపించి ఆగిపోతే ఆయిల్ పైకి ఎక్కేలోపు వచ్చే చప్పుడు కావచ్చు. రెండు, మూడు సెకన్లు దాటితే చైన్, దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్ అనుమానం.
- టకటకమని పైన వినిపించి ఇంజన్ వేడెక్కేసరికి పోతే వాల్వులను కదిపే ట్యాపెట్లు. బేరమాడుకోవచ్చు.
- కింది నుంచి లోతుగా, రేస్ చేసిన కొద్దీ పెరిగే దబదబ చప్పుడు అంటే కనెక్టింగ్ రాడ్ బేరింగులు. మాట్లాడకుండా వచ్చేయండి.

చల్లని ఇంజన్ మొదట 1100–1500 ఆర్‌పీఎం దగ్గర తిరిగి, వేడెక్కుతూ చాలా కార్లలో 650–900కి దిగుతుంది. సూది పైకీ కిందికీ ఊగుతుంటే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఇంజన్‌లోకి గాలి పంపే థ్రాటిల్ మురికిగా ఉంది. సైలెన్సర్ చివర ఒక టిష్యూ కాగితం పట్టుకుంటే సమానంగా రెపరెపలాడాలి. మధ్యమధ్యలో తడబడితే ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది.

స్టార్టయిన వెంటనే, ఇంకా చల్లగా ఉండగానే, రేడియేటర్‌కు పైభాగాన ఉండే గొట్టం నొక్కి చూడండి. ఫ్యాను, బెల్టులకు చెయ్యి దూరంగా ఉంచండి. ఒక నిమిషంలోనే గొట్టం రాయిలా గట్టిపడితే సిలిండర్‌లోని ఒత్తిడి కూలెంట్‌లోకి వస్తోందని అనుమానించాలి, అంటే మళ్లీ హెడ్ గ్యాస్కెట్.

6. పొగ చదవడం

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యం. స్టార్ట్ చేసిన క్షణంలో ఒక గుప్పెడు వచ్చి ఆగితే వాల్వు సీళ్లు, అది బాగుచేయించుకోగల పని. గట్టిగా రేస్ చేసిన ప్రతిసారీ వస్తే పిస్టన్ రింగులు అరిగాయి, మెకానిక్‌ల మాటలో ఇంజన్ బోరుకొచ్చింది.

నల్ల పొగ పెట్రోల్ ఎక్కువ కాలుతోందని చెబుతుంది. సెన్సారో, ఇంజెక్టరో, ఎయిర్ ఫిల్టరో కావచ్చు, కారణం తేలేదాకా కొనొద్దు.

తెల్ల పొగ దగ్గరే ఎక్కువమంది భయపడతారు. చల్లటి ఉదయం సైలెన్సర్ నుంచి పలచని ఆవిరి రావడం, నీటి చుక్కలు కారడం పూర్తిగా మామూలు. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా దట్టంగా, తీపి వాసనతో, గాలిలో కరగకుండా నిలబడే తెల్ల పొగ అయితేనే కూలెంట్ కాలుతున్నట్టు.

7. స్కానర్ పెట్టండి

స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఓబీడీ సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి ఇది తప్పనిసరి. మిగతా చోట్ల కూడా ఇటీవలి కార్లన్నిటిలో ఉంటుంది.

లోపాల కోడ్లు చదవడం అందరూ చేస్తారు. పీ0300 అంటే సిలిండర్లు అక్కడక్కడా మిస్ అవుతున్నాయి, పీ0301 అయితే మొదటి సిలిండర్, పీ0420 పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని. కానీ "కోడ్లు ఏమీ లేవు" అని వచ్చిందని సంబరపడి స్కానర్ తీసేయడం నేను చూసిన పొరపాట్లలో పెద్దది. కోడ్లు చెరపడానికి అర నిమిషం చాలు. అందుకే రెడీనెస్ అనే పేజీ తెరవండి. కంప్యూటర్ తన పరీక్షలన్నీ పూర్తి చేసిందో లేదో అక్కడ ఉంటుంది. చెరిపిన తర్వాత అవన్నీ పూర్తవడానికి మామూలుగా కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. చాలా పరీక్షలు అసంపూర్ణం అని చూపిస్తే ఎవరో ఇటీవలే చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. బ్యాటరీ కొత్తదైతే బిల్లు తేదీ చూడండి. సమాధానం కుదరకపోతే వారం తర్వాత మళ్లీ వచ్చి చూస్తానని చెప్పండి.

ఇంకొకటి, ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె. ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) లాంగ్ టర్మ్ అంకె ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపుంటే మంచిది. 15, 20 చూపిస్తే ఇంజన్ ఏదో లోపాన్ని కప్పుకుంటూ నడుస్తోంది.

స్కానర్ లేకపోతే ఈ పని తర్వాత గ్యారేజీలో చేయించండి, వదిలేయకండి.

8. మీరే నడపండి, కనీసం నలభై నిమిషాలు

పాటలు ఆపేయండి. ముందు అద్దాలు దించి, తర్వాత మూసి నడపండి.

క్లచ్ జారుతోందా తెలుసుకోవడానికి ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఆర్‌పీఎం సర్రున ఎక్కి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఆటోమేటిక్ అయితే నిలబడి ఉండగా బ్రేకు మీద కాలు పెట్టి పార్క్ నుంచి రివర్స్‌కు, అక్కడి నుంచి డ్రైవ్‌కు మార్చండి. ఒకటి, రెండు సెకన్లలో మెత్తగా పట్టుకోవాలి. ఆలస్యంగా, ధడేల్మని పట్టుకుంటే దూరంగా ఉండండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రిపేరు ఇంజన్ రిపేరుకు తీసిపోదు. ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్లేటప్పుడు కుదుపులు కూడా గమనించండి.

తర్వాత వరసగా: సమతలంగా ఉన్న రోడ్డు మీద స్టీరింగ్ పట్టు కొద్దిగా సడలిస్తే బండి నేరుగా పోవాలి. గట్టిగా బ్రేక్ వేస్తే పక్కకు లాగకూడదు, మామూలుగా వేసినప్పుడు పెడల్ అదరకూడదు. స్టీరింగ్ చివరిదాకా తిప్పి మెల్లగా గుండ్రంగా తిరిగితే టిక్కుటిక్కుమనే చప్పుడు డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లది. వేగంతో పాటు పెరిగే హోరు చక్రం బేరింగుది, కానీ అరిగిన టైర్లు కూడా అలాగే హోరెత్తుతాయి. మలుపు తిరిగినప్పుడు హోరు మారితే బేరింగే.

పెద్ద వాలు దొరికితే గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ వదిలేసి దిగండి. కింద మళ్లీ తొక్కేటప్పుడు అద్దంలో వెనక్కి చూడండి. అప్పుడు నీలం పొగ గుప్పున వస్తే వాల్వు గైడ్లు, సీళ్లు.

9. వేడి పరీక్ష

తిరిగొచ్చాక వెంటనే ఆఫ్ చేయకండి. ఏసీ పూర్తిగా వేసి పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. రేడియేటర్ ఫ్యాను తిరగాలి. మీటర్‌లో వేడి సూదిని పూర్తిగా నమ్మొద్దు, చాలా కార్లలో అది మధ్యలోనే ఉండేలా చేసి ఉంటుంది. స్కానర్‌లో కూలెంట్ వేడి చూడండి. ఎక్కువ కార్లలో 85–105 డిగ్రీల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఆగకుండా ఎక్కుతూ పోతే లోపమే. ఈ పదిహేను నిమిషాలు విసుగ్గా ఉంటాయి, అమ్మేవాళ్లు తొందరపెడతారు. అయినా నిలబడండి. రోడ్డు మీద గాలి తగిలి చల్లగా ఉన్న ఇంజన్ ఇక్కడే నిజం చెబుతుంది.

ఆఫ్ చేసి పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఇట్టే అందుకున్న ఇంజన్ వేడిగా మొరాయిస్తే సెన్సారో, పెట్రోల్ ప్రెజరో, సెల్ఫ్ మోటారో తేడాగా ఉంది. బండి కింద చూడండి. ఏసీ నుంచి కారే శుభ్రమైన నీళ్లు మామూలే.

10. నీళ్లలో మునిగిందా? మీటర్ తిప్పారా?

సీటు బెల్టు చివరిదాకా లాగండి. అంతా లాగాక, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు పట్టీ కనబడుతుంది. నేనొకసారి లాగితే ఆ జానెడు మీద అడ్డంగా ఒక గోధుమ రంగు గీత ఉంది, దాని కింద నేత సందుల్లో సన్నటి బురద. సీట్లు కొత్తవి, కార్పెట్ కొత్తది, లోపలంతా సెంటు వాసన. బెల్టు మాత్రం ఎవరూ మార్చలేదు. ఆ గీత ఎత్తుదాకా నీళ్లు నిలిచాయన్నమాట. మునిగిన కారులో వైర్ల కనెక్టర్లు నెలల తర్వాత కుళ్లడం మొదలుపెడతాయి, దానికి అంతూ పొంతూ ఉండదు. సీటు పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద తడి, స్టెప్నీ గుంతలో మట్టి, ఫ్యూజ్ పెట్టెలో పచ్చటి చిలుము కూడా చూడండి.

మీటర్ అంకె విషయానికొస్తే: క్లచ్, బ్రేకు పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ చర్మం, డ్రైవర్ సీటు బయటి అంచు ఎంత అరిగాయో అంకెతో పోల్చండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. 2016 కారు, పాతిక వేల కిలోమీటర్లే తిరిగిందంటున్నారు, కానీ నాలుగు టైర్లూ 2019వి. అప్పటికే మొదటి టైర్లు ఎందుకు అరిగాయని అడగండి.

తక్కువ తిరిగిన కారే గొప్పదని కూడా అనుకోకండి. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగి మూలన పడున్న కారులో రబ్బరు సీళ్లు ఎండుతాయి, బ్రేకులు తుప్పు పడతాయి, పెట్రోల్ పాతబడుతుంది. రోజూ హైవే మీద తిరిగి, బిల్లులన్నీ ఉన్న లక్ష కిలోమీటర్ల కారును నేను దానికంటే ముందు ఎంచుకుంటాను.

గ్యాస్ కిట్ పెట్టి తీసేశారా అన్నది డిక్కీ రేకులో బోల్టు రంధ్రాలు, ఇంజన్ గదిలో ఖాళీ బ్రాకెట్లు, కత్తిరించి టేపు చుట్టిన వైర్లు చెబుతాయి. కిట్ ఉండటం తప్పు కాదు, దాచడం తప్పు. గ్యాస్ మీద ఎక్కువ తిరిగిన ఇంజన్‌లో వాల్వు సీట్లు త్వరగా అరగవచ్చు, కాబట్టి కింద 11లో చెప్పిన కంప్రెషన్ పరీక్ష తప్పనిసరి.

11. మీ మెకానిక్ దగ్గర

అమ్మేవాళ్ల మెకానిక్ కాదు, మీ మెకానిక్. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూడమనండి. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి వరసగా పెట్టించండి. లేత గోధుమ రంగులో నాలుగూ ఒకేలా ఉంటే మంచిది. ఒక్కటి మాత్రం నూనెతో తడిగానో, నల్లగానో ఉంటే ఆ సిలిండర్ సంగతి చూడాలి.

ప్లగ్గులు తీసి ఉన్నప్పుడే కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం, చేయించండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ తిప్పాలి, లేకపోతే అన్నీ తక్కువ చూపిస్తాయి. అంకె ఇంజన్‌ను బట్టి మారుతుంది, చాలా పెట్రోల్ ఇంజన్లు 150–200 పీఎస్ఐ మధ్య చూపిస్తాయి. దానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 10–15 శాతం మించకూడదు. ఒకటి తక్కువొస్తే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ముందే అడ్వాన్సు ఇచ్చేయడం. ఇచ్చాక కళ్లు లోపాలను వెతకవు, సమర్థించుకోవడానికి కారణాలు వెతుకుతాయి.

"చిన్న సెన్సార్ ప్రాబ్లమ్ అండీ" అన్న మాట నమ్మడం. నిజంగా చిన్నదే అయితే అమ్మే ముందు ఆయనే మార్పించుకుంటాడు. మార్పించి లైటు ఆరాక చూపించమనండి.

ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పేయడం. మూత కింద నురగ ఒక్కటే ఉంటే అనుమానం, నురగతో పాటు కూలెంట్ తగ్గి, గొట్టం గట్టిపడి ఉంటే నిర్ధారణ. చల్లగా చూసింది, వేడిగా చూసింది, కాగితాల్లో చదివింది మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. ఎక్కడ కలవకపోతే అక్కడ ఆగండి.

కొన్నాక సరిచూసుకోవడం

కొన్న రోజే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించి, కిలోమీటర్ల అంకె రాసుకోండి. కూలెంట్ డబ్బా మీద, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మట్టం దగ్గర పెన్నుతో గీత గీయండి. మొదటి రెండు వేల కిలోమీటర్లలో ప్రతి 500కు ఒకసారి, సమతలంగా ఉన్న చోట, పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూడండి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు కంటే ఎక్కువ ఆయిల్ తగ్గుతుంటే మళ్లీ మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. కూలెంట్ గీత దగ్గరే ఉంటే, డిప్‌స్టిక్ పెద్దగా కదలకపోతే, ఆ తర్వాత నెలకోసారి చూస్తే చాలు.